పోర్ట్‌ఫోలియో మూసి మ్యూజియానికి రమ్మనండి: కొత్త డిజైనర్‌ని ఎంచుకునే పద్ధతి

చిన్న డిజైన్ స్టూడియో నడిపేవాళ్లు, పుస్తకాలు వేసేవాళ్లు, పెళ్లి వీడియోలు తీసేవాళ్లు, ఇంట్లోంచే చీరల బ్రాండ్ మొదలుపెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకునేవాళ్లు, అందరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే సమస్యే ఇది. పని పెరిగింది, ఉన్న చేతులు చాలట్లేదు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ల కుర్రాడో అమ్మాయో ఒకరు కావాలి, బొమ్మ వెయ్యడమో ఎడిటింగో వచ్చి ఉండాలి, కాస్త కన్నుండాలి. ప్రకటన పెడితే రెండు రోజుల్లో ఇన్‌బాక్స్ నిండిపోతుంది. ఆ తర్వాత చాలామంది చేసేదేంటంటే, వచ్చిన పోర్ట్‌ఫోలియోలు తిరగేసి, అన్నిట్లోకీ మెరుస్తున్నది ఒకటి పట్టుకుని, వీడియో కాల్‌లో పావుగంట మాట్లాడి, సోమవారం నుంచి వచ్చెయ్యమంటారు. మూడు నెలలు తిరిగేసరికి ఇద్దరూ ఏడుస్తూ ఉంటారు.

నేను చెప్పే దారి వేరు. వడపోసి ముగ్గురు నలుగురిని మిగుల్చుకోండి. వాళ్లని ఒక పూట బొమ్మలు చూడ్డానికి, ఒక పూట పాట వినడానికి పిలవండి. ఆ తర్వాత డబ్బులిచ్చి ఒక చిన్న పని చేయించండి. మీకూ ఒక మంచి పూట గడుస్తుంది, అది బోనస్.

ఇదేమీ నేను కనిపెట్టింది కాదు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు దానికి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. అక్కడ విద్యార్థిగా చేరదామని ఇరవై ఆరేళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు వెళితే, దాసు గారు ఆయన వయొలిన్ విని, నేర్చుకోవడానికి కాదు, పాఠం చెప్పడానికి చేర్చుకున్నారని చెబుతారు. ఆ నాయుడు గారే 1936లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు కథా ఇలాంటిదే. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ పిల్లాడి గీత చూసి చేరదీశాడు, శిష్యుల్ని అజంతా బొమ్మలు చూడ్డానికి వెంటబెట్టుకుపోయాడు, రామారావు బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్ దాకా వెళ్లడంలో ఆయన చెయ్యి ఉంది. ఒకరు విని తేల్చుకున్నారు, ఒకరు గీత చూసి, మంచి బొమ్మల ముందు నిలబెట్టారు. మనం చెయ్యాల్సిందీ ఈ రెండే.

ముందు వడపోత

పోర్ట్‌ఫోలియో అక్కర్లేదని కాదు, మొదటి గంటలో దాంతోనే పని. కానీ అందులో కనపడేది ఎంతవరకు ఆ మనిషిదో తెలుసుకోవడం ఇప్పుడు కష్టమైపోయింది. సగం క్లాసు ప్రాజెక్టులు, నలుగురు కలిసి చేసినవి, ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో వాళ్లకే గుర్తుండదు. లేని కాఫీ కంపెనీకి లోగో, లేని సబ్బుకి ప్యాకింగ్, ఆ మాకప్, అంటే డిజైన్‌ని అతికించి చూపించే రెడీమేడ్ ఫోటో కూడా ఊరందరూ వాడేదే: అదే చెక్కబల్ల, అదే కిటికీ నీడ, మూలన అదే ఆకు. వీటికి తోడు ఇప్పుడు ఏఐ, రాత్రి కూర్చుంటే తెల్లారేసరికి నలభై పోస్టర్లు. అన్నీ బాగానే ఉంటాయి, అదే తంటా.

అందుకని అప్లికేషన్‌లోనే మూడు పనులు మాత్రమే పంపమనండి. ఒక్కోదాని కింద ఇందులో నేను స్వయంగా చేసింది ఇదీ అని రెండు లైన్లు రాయమనండి. ఆ మూడింట్లో ఒకదానికి చిత్తు కాపీలు కూడా జత చెయ్యమనండి, పెన్సిల్ గీతలైనా సరే, కొట్టేసిన లేఅవుట్లయినా సరే. చిత్తు లేనివాళ్లు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒకటి కచ్చితంగా తెలుగు అక్షరాలతో చేసిన పని అయ్యుండాలి, ఎందుకో కింద చెబుతాను.

ఇంగ్లీషు బాగా లేదని ఎవర్నీ పక్కన పెట్టకండి. మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్, ఇలాంటి చోట్ల చదివిన పిల్లలు ఉంటారు, మంచిదే, ఆ కాలేజీల నోటీసు బోర్డులో ప్రకటన అంటించి రండి. కానీ ఫ్లెక్స్ షాపులో డీటీపీ చేస్తూ రోజుకి ఇరవై బ్యానర్లు కొట్టిన కుర్రాడు కూడా అప్లై చేసేలా ప్రకటన తెలుగులో రాయండి. జీతం ఎంతో అందులోనే వెయ్యండి. "అనుభవాన్ని బట్టి" అని రాస్తే డబ్బు అవసరం ఉన్న పిల్లలే ముందు వెనక్కి తగ్గుతారు.

ఇంకొకటి, బాపు గీతని, వైకుంఠం గారి పెద్ద బొట్ల ఆడవాళ్లని అనుకరించిన బొమ్మలు మీకు బోలెడు వస్తాయి. విసుక్కోకండి, ఆ వయసులో అందరూ ఎవరో ఒకర్ని చూసే గీస్తారు. అనుకరణేనా, ఏమైనా నేర్చుకున్నారా అని తేల్చుకోవాలంటే, అదే గీతలో గ్యాస్ సిలిండర్ భుజాన మోసుకుని రెండో అంతస్తు మెట్లెక్కుతున్న మనిషిని వేసి పంపమనండి. చూసి గీయడానికి నమూనా దొరకదు కాబట్టి, బరువు ఎటు పడుతుందో, వెన్ను ఎలా వంగుతుందో వాళ్లే ఆలోచించాలి. నేర్చుకున్నవాళ్ల గీత నిలబడుతుంది.

పిలిచే ముందు కొన్ని సంగతులు

ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ఉద్యోగం అడగడానికి వచ్చిన పిల్లకి, మ్యూజియానికి రా, కచేరీకి రా అని ఓనరు మెసేజ్ పెడితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆ ఇంటివైపు నుంచి ఆలోచించండి. అందుకని పిలుపు ఎప్పుడూ ఆఫీసు మెయిల్ నుంచే వెళ్లాలి, ఇంటర్వ్యూలో భాగంగా, అందరికీ ఒకే మెయిల్. ఎక్కడ, ఎన్నింటికి, ఎంతసేపు, మీవైపు నుంచి ఎవరెవరు వస్తారు అన్నీ రాయాలి. ఒంటరిగా ఒకరితో ఒకరు వెళ్లొద్దు, మీ టీమ్ నుంచి ఇంకొకరు ఉండాలి, అందులో ఒక ఆడమనిషి ఉంటే మరీ మంచిది. రాత్రి పొద్దుపోయే కచేరీలు వద్దు. తోడుగా ఎవర్నైనా తెచ్చుకుంటామంటే సంతోషంగా సరేననండి. రానుపోను ఛార్జీలు, టికెట్టు, టీ ఖర్చు మీదే, వాళ్లు అడిగేదాకా ఆగకుండా ముందే యూపీఐ చేసెయ్యండి. రాలేమన్నవాళ్లకి ఆఫీసులోనే ఇంకో ఏర్పాటు ఉండాలి, దానివల్ల మార్కులు తగ్గకూడదు.

తీసుకెళ్లాక ఏ ఊరు, మీవాళ్లేం చేస్తారు, పెళ్లెప్పుడు, ఇంటిపేరేంటి అంటూ తిరిగి తిరిగి కులం దగ్గరికి చేరే ప్రశ్నలు అడక్కండి. కబుర్లలో పడితే మనకి తెలీకుండానే నోట్లోంచి వచ్చేస్తాయి.

బొమ్మల పూట

హైదరాబాద్‌లో ఉంటే నా ఓటు సాలార్‌జంగ్ మ్యూజియానికి. శుక్రవారం సెలవు, ఆదివారం జనం, కాబట్టి మామూలు రోజు పొద్దున్నే పెట్టుకోండి. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వస్తే అక్కణ్నుంచి దగ్గరే. మాదాపూర్ కావూరి హిల్స్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ కూడా బాగుంటుంది, కానీ అక్కడ ఆ వారం ఏ ప్రదర్శన ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. సాలార్‌జంగ్‌లో మంచీ చెడూ, గొప్పదీ వింతదీ, కత్తులూ పింగాణీ అన్నీ కలగాపులగంగా ఉంటాయి, అంత పోగులోంచి ఒక మనిషి దేని దగ్గర ఆగుతుందో చూడ్డమే మనకి కావలసింది.

లోపలికి వెళ్లగానే గైడ్ అవతారం ఎత్తకండి. ఇది ఇటలీది, అది ఫ్రాన్సుది అని మీరు చెప్పడం మొదలుపెడితే వాళ్లు తలూపడం మొదలుపెడతారు, ఇక ఆ పూట వృథా. ఒక్క మాట చెప్పండి: గంట సేపు మీ ఇష్టం వచ్చినట్టు తిరగండి, ఒక్క వస్తువు దగ్గర మాత్రం పది నిమిషాలు నిలబడండి, ఫోను జేబులో పెట్టుకోండి, బయటికొచ్చాక దాని గురించి మాట్లాడుకుందాం. అంతే. మీరూ తిరగండి, మీకు నచ్చింది మీరు చూడండి. నీడలా వెంటపడొద్దు.

ముసుగు రెబెక్కా దగ్గర అందరూ ఆగుతారు. బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మని మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ నుంచి కొన్నారు, రాయిలోంచి పల్చటి మేలిముసుగు, దాని వెనక ముఖం కనిపిస్తుంటే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. కాబట్టి ఆగడం లెక్కలోకి రాదు. తర్వాత ఏం చెప్పారన్నదే లెక్క. "సూపర్ సార్, ఎంత రియలిస్టిక్‌గా ఉందో" అన్నది ఒక జవాబు. "ముసుగు ఎక్కడా నిజంగా పల్చగా లేదు మేడమ్, మడతలు ముక్కు దగ్గర, గడ్డం దగ్గర ముఖానికి అంటుకున్నట్టు చెక్కాడు, పక్కన వదులుగా వదిలేశాడు, దాంతో మిగతాది మన కళ్లే ఊహించుకుంటున్నాయి" అన్నది ఇంకో జవాబు. రెండో మనిషికి ఫోటోషాప్ రాకపోయినా పర్లేదు, నెలలో నేర్పొచ్చు.

అక్కడే మెఫిస్టోఫెలిస్, మార్గరెట్టా జంట విగ్రహం ఉంటుంది, ఒకే చెక్కలో ముందు వైపు మగవాడు, వెనక వైపు తల వంచుకున్న అమ్మాయి. వెనక అద్దం పెట్టారు కాబట్టి రెండూ ఒకేసారి కనిపిస్తాయి. విగ్రహం గురించి అందరూ మాట్లాడతారు. ఆ అద్దం గురించి మాట్లాడినవాళ్లుంటే పేరు పక్కన చుక్క పెట్టుకోండి. అద్దం లేకపోతే సగం శిల్పం గోడకే కనిపించేది, దాన్ని చూపించాలని ఎవరో ఆలోచించి అక్కడ పెట్టారు, డిజైనర్ పని అంటే సగం అదే కదా.

ఇక ఆ మ్యూజియంలోని గడియారం సంగతి. గంట కొట్టే వేళకి లోపల్నుంచి చిన్న బొమ్మ వచ్చి గంట మోగించి పోతుంది, దానికోసం ఐదు పది నిమిషాల ముందునుంచే జనం పోగవుతారు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుంటారు, ఫోన్లన్నీ పైకి లేస్తాయి. వీడియో పనికి మనిషిని వెతుకుతుంటే మీ అభ్యర్థిని పన్నెండు గంటలకి అక్కడ ఉండేలా చూసుకోండి, పన్నెండు సార్లు కొడుతుంది కాబట్టి కాస్త టైమ్ దొరుకుతుంది. బొమ్మని చూడ్డం సహజం, అందరం చూస్తాం. కానీ రెండో దెబ్బకో మూడో దెబ్బకో వెనక్కి తిరిగి, నోళ్లు తెరుచుకుని చూస్తున్న ఆ మొహాల్ని చూసే మనిషి ఒకరు తగులుతారు. పెళ్లిలో తాళి కట్టే క్షణాన అందరి కెమెరాలూ తాళి మీదుంటే, పెళ్లికూతురి నాన్న మొహం మీద కెమెరా పెట్టేది ఆ మనిషే.

బయటికొచ్చాక ఏదైనా ఇరానీ హోటల్లో కూర్చోండి. టీ, ఉస్మానియా బిస్కట్లు వచ్చేలోపు కాయితం, పెన్ను ఇచ్చి, పది నిమిషాలు చూసినదాన్ని గుర్తు తెచ్చుకుని గీయమనండి. బాగా గీయాలని లేదు, ఎడిటర్లూ రైటర్లూ అయితే గీతలు వంకర పోతాయి, పోనివ్వండి. ఏ భాగం గుర్తుంది, ఏది వదిలేశారు, కొలతలు ఎలా వేశారు, గుర్తులేని చోట ఏం చేశారు అన్నది చూడండి. కొందరు గుర్తులేనిచోట అందంగా ఏదో అల్లేస్తారు. కొందరు అక్కడ ఖాళీ వదిలి, "ఇక్కడ చెయ్యి ఎలా ఉందో చూళ్లేదు" అంటారు. నాకు రెండోవాళ్లంటే ఇష్టం, క్లయింటు చెప్పనిదాన్ని సొంతంగా కల్పించి ప్రింటుకి పంపెయ్యరు.

హైదరాబాద్ కాకపోతే ఏం చెయ్యాలంటే, మీ చుట్టుపక్కలే బోలెడుంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ, విజయవాడలో బాపు మ్యూజియం, తిరుపతి వైపు వాళ్లకి కలంకారీ వేసే శ్రీకాళహస్తి, బందరు వైపు వాళ్లకి కలంకారీ అద్దే పెడన. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకి ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాలే ఉన్నాయి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గర ఒక పూట కూర్చోవడమైతే ఏ మ్యూజియమూ సరిపోదు. కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి చేసిన కసిమి అనే నల్ల రంగుతో వెదురు కలం పట్టి గీత లాగుతారు, పడిన గీత ఇక చెరగదు. కంప్యూటర్‌లో వెనక్కి తీసుకోవడానికి అలవాటుపడిన కుర్రాళ్లు ఆ చేతిని చూస్తున్నప్పుడు వాళ్ల మొహాలు గమనించండి. ఎవరు ప్రశ్నలు అడుగుతున్నారు, ఎవరు కళాకారుల టైమ్ తినకుండా అడుగుతున్నారు, ఎవరు రీల్ తీసుకుని వెళ్లిపోదామా అన్నట్టున్నారు. అక్కడ ఏదైనా కొని రండి, ఊరికే కూర్చుని రావొద్దు.

పాట పూట

వినడం ఎందుకు, మాకు కావాల్సింది గ్రాఫిక్ డిజైనర్ కదా అంటారు. ఎడిటర్‌కి ఎలాగూ చెవి కావాలి. సెకనుకి 24 ఫ్రేముల వీడియోలో నిమిషానికి 120 దరువుల పాట ఉంటే ఒక్కో దరువుకి సరిగ్గా 12 ఫ్రేములు, అదే 25 ఫ్రేముల్లో చేస్తే పన్నెండున్నర, ఆ సగం ఫ్రేము దగ్గర కట్ అటూ ఇటూ అవుతుంటే లెక్క చూసి సరిదిద్దేవాళ్లు ఒకరు, చెవికి తగిలి సరిదిద్దేవాళ్లు ఇంకొకరు. డిజైనర్‌కైనా లయే. పుస్తకంలో ఏ పేజీ ఖాళీగా వదలాలి, పోస్టర్‌లో ఎక్కడ కన్ను ఆగాలి అన్నవన్నీ కాలంతో ముడిపడిన విషయాలే.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో, రవీంద్రభారతిలో తరచూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, చాలావాటికి టికెట్ కూడా ఉండదు. చిక్కడపల్లిలో మెట్రో స్టేషన్ ఉంది కాబట్టి పిల్లలు తిరిగి వెళ్లడం తేలిక. బంజారాహిల్స్‌లో లమకాన్ అనే సాంస్కృతిక వేదిక ఉంది, అక్కడ సమోసా తింటూ చెట్టు కింద మాట్లాడుకోవచ్చు, గజల్ నుంచి గిటార్ దాకా ఏదైనా తగలొచ్చు.

కర్ణాటక కచేరీ అయితే రాగం పేర్లు అడగొద్దు. ఎవరికి చిన్నప్పుడు సంగీతం క్లాసు పెట్టించారన్నది మాత్రమే ఆ ప్రశ్నతో తెలుస్తుంది, మీరు వెతుకుతున్నది అది కాదు. కచేరీ ఎలా నడుస్తుందో మాత్రం ముందే రెండు ముక్కల్లో చెప్పండి, వర్ణంతో మొదలవుతుంది, చిన్న కీర్తనలు ఒకటి రెండు, తర్వాత ఒక పెద్ద కీర్తన, దాని ముందు ఆలాపన, మధ్యలో నెరవు (ఒకే లైనుని రకరకాలుగా తిప్పి పాడటం), స్వరాలు, దాని చివర మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనం, ఆపైన తేలికపాటి పాటలు, మంగళం. తెలియనివాళ్లకి కూడా ఈ దారి తెలిస్తే బెదురు పోతుంది. ఆది తాళం ఎనిమిది లెక్కలు చేత్తో వేసి చూపించండి, దరువు వేసి మూడు వేళ్లు, ఆపైన దరువూ తిప్పు, దరువూ తిప్పు. పట్టుకోగలుగుతారా లేదా పక్కన పెట్టండి, తప్పిపోయినప్పుడు మళ్లీ ఎత్తుకుంటారా, ముందు వరసలో తాత గారి చెయ్యి చూసి సర్దుకుంటారా, లేక సిగ్గుపడి చెయ్యి దించేస్తారా చూడండి.

తని ఆవర్తనం వచ్చేసరికి సభలో సగం మంది కాఫీకి లేచిపోవడం మనకి మామూలే, పాపం మృదంగం వాళ్లకి అలవాటైపోయింది. ఆ పది పదిహేను నిమిషాలు మీకు బంగారం. మాటల్లేవు, పాట లేదు, అర్థం చేసుకోవడానికి సాహిత్యం లేదు, ఉన్నదల్లా ఒక మనిషి తోలు మీద లెక్క కడుతున్నాడు. అప్పుడు ఫోను బయటికొచ్చిందా, లేక మనిషి కొద్దిగా ముందుకు వంగిందా? నిద్రొచ్చిందంటే తప్పు పట్టొద్దు, పొద్దున్నుంచి తిరిగుంటారు.

అయ్యాక ఒకే ప్రశ్న అడగండి: ఎక్కడ సాగదీసినట్టు అనిపించింది, ఎక్కడ ఊపొచ్చింది, ఎందుకు? "నెరవు మొదట్లో బోర్ కొట్టింది, అదే లైను తిప్పి తిప్పి పాడుతున్నారేంటి అనుకున్నా, కానీ స్పీడు పెరిగాక మొదట అంత నెమ్మదిగా ఎందుకు పాడారో తెలిసింది" అని చెప్పిన మనిషికి ఎడిటింగ్ టేబుల్ మీద చోటివ్వొచ్చు. బోర్ కొట్టిందని ధైర్యంగా చెప్పినవాళ్లని అంతా అద్భుతం అన్నవాళ్లకంటే ఒక మెట్టు పైన పెట్టండి. ఉద్యోగం కోసం వచ్చిన పిల్లలు ఓనరు తీసుకెళ్లిన కచేరీ బాలేదని చెప్పడం చిన్న విషయం కాదు, రేపు క్లయింటుకి పంపబోయే మీ లేఅవుట్ బాలేదని చెప్పేది కూడా వాళ్లే.

వినే పనిలో సగం వాళ్ల ఇష్టానికి వదిలెయ్యండి. మీకిష్టమైన పాట ఒకటి వినిపించండి అనండి, కారులోనో ఆఫీసులోనో. తీన్మార్ పెట్టినా, ర్యాప్ పెట్టినా, ఒగ్గుకథ రికార్డింగ్ పెట్టినా, ఎందుకిష్టమో చూపించమనండి. "చూడండి, ఇక్కడ డప్పు ఒక్క దెబ్బ ఆపి వేస్తాడు" అని వేలెత్తి సరిగ్గా ఆ క్షణం దగ్గర చూపిస్తే నా దృష్టిలో ఆ ఇంటర్వ్యూ అక్కడికి అయిపోయినట్టే.

ఇక పని చేయించడం

చూపూ వినికిడీ తెలిశాయి, చెయ్యి తెలియాలి. ఒకటిన్నర రోజు పని ఇవ్వండి, డబ్బులిచ్చి. ఫ్రీ ట్రయల్ అని పది మంది చేత పోస్టర్లు చేయించుకుని అందులో ఒకటి వాడేసుకునేవాళ్లున్నారు, దాన్ని మా ఊళ్లో దొంగతనం అనే అంటారు. చేసింది వాడుకోం, హక్కు మీదే అని మెయిల్‌లో రాసివ్వండి.

నేనైతే ఒక ఊహా కచేరీకి తెలుగు పోస్టర్ చెయ్యమంటాను. గాత్రం, వయొలిన్, మృదంగం, ముగ్గురి పేర్లు, తేదీ, వారం, వేదిక. ఇచ్చే సమాచారంలో తేదీకీ వారానికీ పొంతన లేకుండా ఒక తప్పు కావాలని పెడతాను. ఫోన్ చేసి అడిగారా, సొంతంగా దిద్దేశారా, చూడనే లేదా, ఈ మూడింట్లో ఒకటి జరుగుతుంది. అడిగినవాళ్లే కావాలి.

తర్వాత తెలుగు అక్షరాలు చూడండి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో మన లిపుల్ని సరిగ్గా పేర్చే వరల్డ్ రెడీ లేఅవుట్ సెట్టింగ్ ఆన్ చెయ్యకుండా యూనికోడ్ తెలుగు పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి అక్షరం పక్కకొచ్చి కూర్చుంటాయి, "స్వాగతం" లాంటి మాట కూడా కుంటుతూ నడుస్తుంది. రోడ్ల మీద ఇలాంటి ఫ్లెక్సీలు మనం రోజూ చూస్తున్నాం. అది తెలియకపోవడం తప్పేం కాదు, విరిగిందని కంటికి కనపడకపోవడమే ఇబ్బంది. లైన్ల మధ్య ఎడం చూడండి: పైన గుళ్లు, కింద ఒత్తులు ఉండే లిపి మనది, ఇంగ్లీషుకి పెట్టిన ఎడమే తెలుగుకీ పెడితే పై లైను ఒత్తు కింది లైను గుడిని గుద్దుకుంటుంది. ఫాంటు ఏది ఎంచుకున్నారు? గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, రామభద్ర, ధూర్జటి లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి, కచేరీ పోస్టర్‌కి వాటిలో ఏది ఎందుకు అని అడిగితే ఏదో ఒక కారణం చెప్పగలగాలి.

బొమ్మకి ఏఐ వాడొచ్చు, వాడితే చెప్పాలి అన్నది నా రూలు. వాడినప్పుడు తప్పులు పట్టుకున్నారా లేదా అన్నదే పరీక్ష. వీణ గీయమంటే ఆ యంత్రాలు సితార్‌కీ గిటార్‌కీ మధ్య ఏదో ఒకటి ఇస్తాయి. మన వీణకి 24 మెట్లు, వాయించే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు. మృదంగం అడిగితే తబలా పెట్టేస్తాయి. వయొలిన్ విద్వాంసుల్ని నిలబెట్టి గడ్డం కింద వయొలిన్ పెట్టిస్తాయి, మన కచేరీలో వాళ్లు కింద కూర్చుని, వయొలిన్ తల కాలి మీద ఆనించి వాయిస్తారు. రెండు రోజుల కిందటే మీతో పాటు కచేరీ చూసొచ్చిన మనిషి ఆ బొమ్మని అలాగే పంపిస్తే, ఆ సాయంత్రం ఏం చూసినట్టు?

పోస్టర్ వచ్చాక ఒక మార్పు చెప్పండి, కొంచెం చిరాకు పుట్టించేదే, ఉదాహరణకి స్పాన్సర్ లోగో పెద్దది చెయ్యమని. విసుగు రావడం సహజం. లోగో పెంచి మిగతాదంతా అలాగే వదిలేస్తే ఒక రకం, దానికోసం మిగతా లేఅవుట్ సర్ది, రెండో ఆప్షన్‌గా ఇంకోటి కూడా పంపిస్తే ఇంకో రకం.

తేల్చుకోవడం

ప్రతి పూటా అయిన రోజు రాత్రే మీరూ, మీతో వచ్చిన రెండో మనిషీ విడివిడిగా నాలుగు లైన్లు రాసుకోండి, మాట్లాడుకోకముందే. ఏం చూశారు, ఏం అన్నారు, ఏం అడిగారు. "మంచి వైబ్ ఉంది" అన్నది రాయొద్దు, మనలా మాట్లాడే మనిషి, మనలాంటి ఇంట్లోంచి వచ్చిన మనిషి ఎప్పుడూ మంచి వైబే ఇస్తారు. మౌనంగా ఉండే పిల్లలకి ఇక్కడే అన్యాయం జరుగుతుంది. నోటితో చెప్పలేనివాళ్లు మర్నాడు వాట్సాప్‌లో రెండు లైన్లు పంపినా, కాయితం మీద గీసి చూపించినా దాన్నీ లెక్కలోకి తీసుకోండి.

మ్యూజియంలో కన్ను బాగుండి పోస్టర్ యావరేజ్‌గా వస్తే తీసుకోండి. పోస్టర్ అదిరిపోయి, మ్యూజియంలో గంటసేపు ఏమీ చూడని మనిషైతే ఇంకోసారి ఆలోచించండి, నేనైతే ఫ్రీలాన్స్ పని ఇచ్చి చూస్తాను. రెండూ యావరేజ్ అయితే మళ్లీ ప్రకటన ఇవ్వడమే, తొందరపడి ఎవరో ఒకరు అనుకోవద్దు.

తీసుకున్నవాళ్లకి ఆఫర్ లెటర్, జీతం తేదీ, ప్రొబేషన్ ఎన్నాళ్లు, ఆదివారాలు ఫోన్లు ఉంటాయా లేదా, అన్నీ రాతలో ఇవ్వండి. నెలకో పూట ఇలా బయటికెళ్లడం ఆఫీసు టైమ్‌లోనే కొనసాగించండి. తీసుకోనివాళ్లకి ఆ వారంలోనే ఫోన్ చేసి చెప్పండి, మెసేజ్ కాదు, ఫోన్. వాళ్ల పోస్టర్‌లో బాగున్నది ఒకటి, సరిదిద్దుకోవాల్సింది ఒకటి చెప్పండి, ట్రయల్ డబ్బులు ఇంకా పడకపోతే ఫోన్ పెట్టేలోపు వేసెయ్యండి.